కొనక్కర్లేదట!

కిందటి వేసవిలో మా నాన్నగారు నరసరావుపేట నుంచి అమెరికాలో మా ఇంటికి ఆర్నెల్లకని వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. ఇక్కడ కూర్చోడానికి అరుగు లేదు, పలకరించడానికి మనిషి లేడు. చేతికి ఏది దొరికితే అది చదివేవారు. ఒకరోజు పొద్దున్నే పాలల్లో వేసుకు తినే సీరియల్ డబ్బా తిరగేసి, కళ్లజోడు సర్దుకుని, "ఒరే, ఈ బహుమతికి డబ్బా కొనక్కర్లేదట్రా!" అన్నారు.

డబ్బాలోని కోడు ఆన్‌లైన్లో కొడితే డ్రాలో పేరు చేరుతుంది. అది పెద్దక్షరాల్లో. అట్ట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, కొనాల్సిన పనిలేదనీ, కొన్నంత మాత్రాన గెలిచే అవకాశం పెరగదనీ ఉంది. పూర్తి రూల్సు ఫోన్లో తీసి చూపించాను. 3 బై 5 అంగుళాల తెల్లకార్డు మీద పేరు, అడ్రసు, ఫోను నంబరు, పుట్టిన తేదీ చేత్తో రాసి, కవర్లో పెట్టి, ఫలానా పోస్టుబాక్సుకి పంపాలి. కవరుకి ఒకటే కార్డు. చెప్పిన తేదీలోపు పోస్టుముద్ర పడాలి.

పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను. ఆ వాక్యం కొన్ని వందలసార్లు నా కంటబడే ఉంటుంది. ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

ఇది కంపెనీల దయ అనుకోకండి. ఇక్కడి చట్టాల లెక్కలో బహుమతి, అదృష్టం, ఆడేవాడు పెట్టే డబ్బు, ఈ మూడూ కలిస్తే లాటరీ. ప్రైవేటు కంపెనీ లాటరీ నడిపితే నేరం. (మన తెలుగు సంఘాలు సంక్రాంతికి టికెట్లమ్మి తీసే రాఫిల్ డ్రా సంగతి వేరు. సేవాసంస్థలకి చాలా రాష్ట్రాల్లో విడిగా అనుమతులూ షరతులూ ఉన్నాయి.) అందుకని మూడోదాన్ని తీసేస్తారు. డబ్బు పెట్టకుండా వచ్చే దారి ఒకటి తెరిచి ఉంచి, అలా వచ్చిన పేరునీ కొన్నవాడి పేరునీ డ్రాలో సమానంగా చూస్తేనే అది స్వీప్‌స్టేక్స్. అంటే ఆ పందిరంతా నిలబడింది మనం చదవని ఆ ఒక్క గుంజ మీదే.

కార్డు చేత్తోనే ఎందుకు రాయాలంటారా? 1975లో దక్షిణ కాలిఫోర్నియాలో మెక్‌డొనాల్డ్స్ ఒక డ్రా పెట్టింది. ఒక్కరే ఎన్నిసార్లైనా చీటీ వేయొచ్చంది. అక్కడి కాల్‌టెక్ యూనివర్సిటీ కుర్రాళ్లు కంప్యూటర్‌తో 12 లక్షల చీటీలు అచ్చుకొట్టి పెట్టెలు నింపేశారు. కారుతో సహా బహుమతుల్లో దాదాపు అయిదోవంతు వాళ్లే పట్టుకుపోయారు. మన తెలివితేటలకి విరుగుడుగా వచ్చే షరతులు ఇలాగే ఉంటాయి.

కొంటేనే గెలుస్తామన్న భ్రమ మాత్రం పోదు. పత్రికల చందాలు అమ్ముకుంటూ ఇలాంటి డ్రాలతో పేరుపడ్డ పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ అలాంటి భ్రమ కల్పిస్తోందని, వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ విభాగం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2023లో ఆ సంస్థ కోటీ 85 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇంతకీ నా గొడవ సీరియల్ డబ్బాతో కాదు, ఫోన్లోని స్వీప్‌స్టేక్స్ క్యాసినోలతో. అక్కడ మీరు డబ్బుపెట్టి కొనేది దేనికీ మారని 'గోల్డ్ కాయిన్లు'. వాటితోపాటు 'ఉచితంగా' వచ్చేవి 'స్వీప్స్ కాయిన్లు'. ఆడి గెలిస్తే నగదుగా మారేవి ఈ రెండోవే. జూదం కాదా అంటే, కాదు, పోస్టులో కార్డు పంపితే ఇవి ఊరికే ఇస్తాం కదా అంటారు. మా స్నేహితుడొకాయన ఇలాంటి ఆప్‌లో రెండు నెలల్లో కారు వాయిదాలకి సరిపడా పోగొట్టుకున్నాడు. పోస్టుదారి సంగతి అడిగితే తెల్లమొహం వేశాడు. ఆ ఆప్ రూల్సు వెతికి తీశాం. కార్డు కొలత ఇంత, ఖాతాలోంచి తీసిన కోడు ఒకటి, ఓ పేరా పొడవున్న ప్రకటన అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి, కవరు మీద అడ్రసు కూడా స్వదస్తూరీతోనే. ఒక్క తప్పు దొర్లినా చెల్లదు. "పదో తరగతి పరీక్షలకి కూడా నేను ఇన్ని షరతులు పెట్టలేదురా" అన్నారు నాన్నగారు.

కార్డుని గోచీలా అడ్డం పెట్టుకునే ఈ వ్యాపారాన్ని కాలిఫోర్నియా 2026 జనవరి 1 నుంచి నిషేధించింది. అక్కడి బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) తమ్ముళ్లకి కోపం రావచ్చుగానీ, మంచిపని చేసిందంటాను. పోస్టుదారి నిజంగా దారేనా, కాదా అన్నది ఒక్క కార్డు రాసి చూస్తే తేలిపోతుంది. అయిదు నిమిషాల్లో అయితే సరే. కార్డు రాయడానికి అరగంట, క్రెడిట్ కార్డు గీకడానికి అర క్షణం పట్టేచోట నిలబడకండి.

ఇంకో సంగతి. గెలిచారని ఫోన్ చేసి, ముందు ఫీజు కట్టమన్నవాడు దొంగ. బహుమతికి పన్ను పడుతుంది, నిజమే, కానీ అది ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి కట్టేది, ఫోన్ చేసినవాడికి కాదు. ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకి ఈ మాట తెలుగులో ఒకటికి రెండుసార్లు చెప్పండి.

నాన్నగారు కార్డు రాద్దామని పెన్ను తీసి, రూల్సు మళ్లీ చదివి ఆగిపోయారు. యాభై రాష్ట్రాల్లో చట్టబద్ధంగా నివసించేవాళ్లకే అని ఉంది. "నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి, నాకు చెల్లదు. నువ్వు రాయి" అన్నారు. నేను రాస్తుంటే పక్కన నిలబడి, "ఆ సెవెన్ ఏంట్రా, ఒకటిలా ఉంది" అని రెండో కార్డు తీయించారు. ఊళ్లో దూరదర్శన్ పోటీలకి పదిహేను పైసల కార్డు మీద జవాబులు రాసే రోజుల్లోనూ ఇదే వరస.

స్టాంపెంత అని అడిగారు. 2025 జూలైలో పెరిగి అప్పటికి 78 సెంట్లయింది. గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ రూపాయల్లోకి లెక్క కట్టుకున్నారు.

"ఊరికే అన్నావు కదరా?"