పుస్తకం దానంతటదే తెరుచుకునే పేజీ

మా ఊళ్లో బస్టాండు వెనక ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకు రూపాయి. తెలుగు నవలలు ముందు వరుసలో ఉండేవి, మిల్స్ అండ్ బూన్ ఇంగ్లిష్ ప్రేమ నవలలు మాత్రం లోపలి అరలో అట్టలు చిరిగి, గోడ వైపు తిరిగి ఉండేవి. వాటిలో ఒక తమాషా ఉండేది. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి చేయి వదిలేస్తే దానంతటదే ఒక పేజీ దగ్గర తెరుచుకునేది. మనకంటే ముందు అద్దెకు తీసుకెళ్లినవాళ్లు ఎక్కడ ఆగారో, ఏ పేజీని విడదీసి పట్టుకుని రెండోసారి చదివారో విరిగిన బైండింగే చెప్పేసేది. ఇంటర్ చదివే రోజుల్లో నేనూ నా ఫ్రెండూ ముందు ఆ పేజీ చదివి, ఆ తర్వాతే మొదటి పేజీకి వచ్చేవాళ్లం.

ఇప్పుడు నాకు 47. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఫోన్‌లో ఒక చాప్టర్ అయిపోతుంది, బ్రైట్‌నెస్ కాస్త తగ్గించుకుని. విరిగిన బైండింగ్ లాంటిది, ఈ-పుస్తకాలు చదివే అమెజాన్ వారి కిండిల్‌లోనూ ఒకటుంది. చాలామందికి నచ్చిన వాక్యం కింద సన్నగా చుక్కల గీత పడుతుంది, ఇంతమంది హైలైట్ చేశారని అంకె కనిపిస్తుంది. ఘాటైన రొమాన్స్ సిరీస్‌లు బోలెడు చదివాను. నేను చూసినంతలో ఆ గీతలు పడకగది సీన్ల కింద తక్కువ. ఒకరు ఇంకొకరిని ఏదో అడిగిన చోట, ఆగిన చోట, ఒప్పుకోవడానికి సిగ్గుపడే మాటను ఎట్టకేలకు అనేసిన చోట ఎక్కువ. వేడి సీన్ కోసమే కొన్నామని అనుకుంటాం, తీరా గీత గీసేది మాట కింద.

అందుకే ఈ నవలలకు మిరపకాయలతో రేటింగ్ ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. పడకగది తలుపు మూసేస్తే ఒక మిరపకాయ, తెరిచి ఉంచితే మూడు, ఇంకా ముందుకెళితే అయిదు. గుంటూరు మిర్చి యార్డులో ఎవరినడిగినా చెబుతారు, రంగు వేరు, కారం వేరు. బ్యాడిగి రకం చూడ్డానికి ఎర్రగా మెరుస్తుంది, కారం అంతంత మాత్రం. తేజ రకం సన్నగా ఉంటుంది, నోరు మండిపోతుంది. అయిదు మిరపకాయల నవలల్లో సగం బ్యాడిగి బాపతే. ముప్ఫై పేజీల శృంగారం అయ్యాక కూడా ఆ ఇద్దరి గురించి మనకు కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. సీన్ తీసేసి చదివినా కథ ఎక్కడా తెగదు. నా లెక్కలో ఘాటుకు కొలత అదొక్కటే: ఆ సీన్ తీసేస్తే తర్వాతి చాప్టర్ అర్థం కాకుండా పోవాలి.

ఇవి సిరీస్‌లుగా ఎందుకొస్తాయన్నది వేరే కథ, కొంత వ్యాపారం కూడా. 2007లో కిండిల్ వచ్చాక అట్ట ఎవరికీ కనిపించకుండా చదివే వీలు దొరికింది. 2011లో ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ వచ్చింది. వేరే నవల మీద అభిమానంతో ఇంటర్నెట్‌లో రాసుకున్న ఫ్యాన్ ఫిక్షన్ అది, పేర్లు మార్చుకుని పుస్తకమైంది. ఆ సిరీస్ 15 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. 2015లో వచ్చిన సినిమాకు మన సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వలేదు, పుస్తకం మాత్రం ఎయిర్‌పోర్టు షాపుల్లో దర్జాగా అమ్మారు. అదే 2015 జులై నుంచి, నెల చందా కట్టి చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో రచయితలకు చదివిన పేజీల లెక్కన డబ్బు ఇవ్వడం మొదలైంది. ఎన్ని పేజీలు తిప్పిస్తే అంత. ఇక ఒక్క పుస్తకంతో ఆగేదెవరు? నలుగురు స్నేహితులుంటే నాలుగు పుస్తకాలు, అయిదుగురు అన్నదమ్ములుంటే అయిదు. మొదటి పుస్తకంలో మూలన కూర్చుని జోకులేసినవాడు మూడో దాంట్లో హీరో అవుతాడు. పాత జంట వెనక వరుసలో పిల్లల్ని ఎత్తుకుని కనిపిస్తుంది, కవలలైతే మరీ సంబరం. కిండిల్ అడుగున 75, 80 శాతం చూపించేసరికి ఏదో అపార్థం వచ్చి ఇద్దరూ విడిపోతారు, 90కల్లా కలిసిపోతారు. టైమ్ టేబుల్ తెలిసీ ఎందుకు చదువుతున్నానంటే, పెళ్లిళ్లకు ఎందుకు వెళ్తామో అందుకే. ఎవరు ఎవర్ని చేసుకుంటున్నారో కార్డులోనే ఉంటుంది కదా.

పేర్లు చెప్పకుండా మాట్లాడితే గాల్లో మాటలవుతాయి కాబట్టి, నేను మూడుసార్లు చదివిన ఒక సిరీస్ చెబుతాను. హెలెన్ హోయాంగ్ అనే వియత్నామీ అమెరికన్ రచయిత్రి రాసిన మూడు నవలలు. 2018లో ‘ది కిస్ కోషెంట్’, 2019లో ‘ది బ్రైడ్ టెస్ట్’, 2021లో ‘ది హార్ట్ ప్రిన్సిపల్’. ఆమెకు తన ఆటిజం గురించి తెలిసింది పెద్దయ్యాకే. ఈ మూడింటిలోనూ జంటలో ఒకరు ఆటిజం ఉన్నవాళ్లు.

మొదటి నవలలో స్టెల్లాకు ముప్ఫై ఏళ్లు. లెక్కలతో బతికే ఉద్యోగం, మంచి జీతం. మనుషుల స్పర్శ అంటే భయం. ఇంట్లో మనవల గురించి ఒత్తిడి. సమస్యను లెక్కలాగే చూసి, నేర్పడానికి డబ్బిచ్చి ఒక ఎస్కార్ట్‌ను పిలిపించుకుంటుంది. అతను మైఖేల్. పగలంతా తల్లి నడిపే డ్రైక్లీనింగ్, కుట్టు షాపులో పని, తల్లి వైద్యం ఖర్చుల కోసం శుక్రవారం రాత్రుళ్లు ఈ పని. ఆమె పాఠాల ప్రణాళిక కాగితం మీద రాసుకుని వస్తుంది. మనం నవ్వుతాం. మొదటి రాత్రి హోటల్ గదిలో మైఖేల్ దగ్గరికి జరిగేసరికి ఆమె బిగుసుకుపోతుంది. అతను గమనించి ఆగిపోతాడు. ఘాటు రొమాన్స్ అని పేరున్న నవలలో మొదటి రాత్రి జరిగేది అదీ, ఆగడం. ఆ తర్వాత వచ్చే వేడి అంతా ఆ ఆగడం మీద నిలబడింది.

స్టెల్లాకు బట్టల లోపలి కుట్లు ఒంటికి గుచ్చుకుంటాయి. అతనికేమో కుట్టుపనే విద్య. ఇంతకంటే చక్కటి జంట కుదర్చడం నాకు తెలిసి ఏ పెళ్లిళ్ల పేరయ్య వల్లా కాదు. అయితే ఈ సిరీస్‌లో నేను మొట్టమొదట గుర్తుచేసుకునే సీన్ భోజనాల బల్ల దగ్గరిది. మైఖేల్ ఇంటికి భోజనానికి వెళ్లిన స్టెల్లా, ప్లాస్టిక్ డబ్బాలో వేడి చేసిన కూర తిననంటుంది, అందులో కెమికల్స్ దిగుతాయని మొహం మీదే చెప్పేస్తుంది. ఆపైన అడగకూడని విషయం, అతని తండ్రి గురించి అడుగుతుంది. బల్ల చుట్టూ అందరూ గడ్డకట్టిపోతారు. అత్తగారింట్లో మొదటిసారి విస్తరి ముందు కూర్చున్న ఏ తెలుగమ్మాయికైనా ఆ నిశ్శబ్దం తెలుసు. పడకగదిలో ఆమె గురించి మనకు తెలిసిన ప్రతి విషయం ఆ బల్ల దగ్గర పనికొస్తుంది. ఆమెకు పొగరు లేదని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు.

ఇక్కడే ‘ఫిఫ్టీ షేడ్స్’తో పోల్చకుండా ఉండలేను. అందులోనూ ఒక కాగితం ఉంది, కాంట్రాక్టు. కుర్ర కోటీశ్వరుడు రాయించి తెచ్చిన షరతుల పత్రం, సంతకం చేయాల్సింది కాలేజీ చదువు ముగించే అమ్మాయి. న్యాయంగా చెప్పాలంటే ఆమె బేరమాడుతుంది, చివరికి సంతకం పెట్టనే పెట్టదు. కానీ కాగితం తయారు చేసింది అతనే, ఆ తర్వాత ఆమె పనిచేసే పబ్లిషింగ్ కంపెనీని కొనేసేదీ అతనే. వారపత్రికల సీరియల్స్ కాలంలో ఆరడుగుల హీరో పడవలాంటి కారులో దిగేవాడు, ఈయన హెలికాప్టర్‌లో దిగుతాడు, అంతే తేడా. స్టెల్లా కాగితం మాత్రం ఆమె స్వయంగా రాసుకున్నది, డబ్బూ ఆమెదే. అయినా భయం కూడా ఆమెదే. డబ్బున్నవాళ్లకు భయం ఉండదనే ఈ తరహా నవలల అలవాటును ఆ ఒక్క మార్పు తిరగేసింది. అలాగని నేనేదో పెద్ద విమర్శకురాలిలా, వెంటపడే కోటీశ్వరుల నవలలు చదవనని చెప్పను. చదువుతాను. రాత్రి రెండింటి దాకా మేలుకుని మరీ చదివిన రోజులున్నాయి. పొద్దున్నే ఆఫీసులో కళ్లు మండుతుంటే, వాడి పేరేమిటో గుర్తురాదు.

రెండో నవల ‘ది బ్రైడ్ టెస్ట్’ మనవాళ్లు చదివితే పక్కింటి కథలా ఉంటుంది. కొడుకు అమెరికాలో అకౌంటెంట్, పెళ్లి ఊసెత్తడు. తల్లి వియత్నాం వెళ్లి హోటల్లో కూర్చుని వరుసగా అమ్మాయిలను ఇంటర్వ్యూ చేస్తుంది. ఆవిడకు నచ్చిన పిల్ల ఆ వరుసలోది కాదు, అక్కడ బాత్రూమ్ కడిగే ఎస్మే. వేసవి సెలవుల మీద వచ్చినట్టు వచ్చి వాడి ఇంట్లో ఉండు, వాడు ఒప్పుకుంటే పెళ్లి అంటుంది. గుంటూరు నుంచి డాలస్ దాకా ఇలాంటి తల్లులను మనం ఎంతమందిని చూడలేదు!

ఆ కొడుకు కాయ్‌కి మెత్తగా తాకితే ఒళ్లు జివ్వుమని బాధ, గట్టిగా పట్టుకుంటే ఫర్వాలేదు. ప్రేమగా మునివేళ్లతో రాయడమే హింస అయిన మనిషి. ఎస్మేకు ఈ సంగతి తెలియదు, అతను చెప్పడు. వాళ్లు మొదటిసారి దగ్గరైన రాత్రి సరిగ్గా జరగదు. అతను బాగానే జరిగిందనుకుంటాడు, ఆమెకు అవమానంగా ఉంటుంది. తర్వాత అన్నయ్యనీ, అన్న వరసయ్యే మైఖేల్‌నీ సలహా అడగాల్సి వస్తుంది. రొమాన్స్ హీరో పడకగదిలో ఫెయిలవడం, నేర్చుకోవడానికి సిద్ధపడటం ఎంత అరుదో ఈ నవలలు పది చదివినవాళ్లకు తెలుసు. అయితే చివర్లో కాయ్ నోటి నుంచి మాట రప్పించడానికి పెళ్లిమండపం దాకా నడిపిన డ్రామా నాకు రుచించలేదు. ‘ఆపండి’ అని అరుస్తూ పరిగెత్తుకొచ్చే క్లైమాక్స్ మనకు కొత్తా?

మూడో నవల దగ్గర చాలామంది పాఠకులు అలిగారు. అన్నా అనే వయొలినిస్టు, కాయ్ అన్నయ్య క్వాన్. ఒకే రాత్రి స్నేహం అనుకుని కలుస్తారు, ఆ రాత్రి కూడా అనుకున్నట్టు సాగదు. అతను కేన్సర్ ఆపరేషన్ అయినవాడు, తన ఒంటి మీద తనకే నమ్మకం లేదు. ఆమె అందరికీ నచ్చేలా నటించి నటించి, తనకేం కావాలో చెప్పే మాటే పోగొట్టుకున్న మనిషి. సగం తర్వాత అన్నా వాళ్ల తండ్రికి పక్షవాతం వస్తుంది. అక్కడి నుంచి ఘాటు తగ్గి మంచం, మందులు, పక్కబట్టలు, ఎవరు రాత్రి మేలుకోవాలన్న గొడవ. అన్నా వాళ్ల అక్కగారి అజమాయిషీ చదువుతుంటే మా మామయ్యగారు మంచాన పడిన పద్నాలుగు నెలలు కళ్ల ముందు తిరిగాయి. ఇది రొమాన్స్ కాదు, మోసపోయాం అని కొందరన్నారు. ప్రేమకథ మధ్యలో ఉండాలి, ముగింపు ఆశగా ఉండాలి అని అమెరికా రొమాన్స్ రచయితల సంఘం పెట్టుకున్న రెండు షరతులకూ ఈ నవల లోబడే ఉంది. నా మటుకు మూడింటిలో పడకగది సీన్లు గట్టిగా తగిలింది ఇందులోనే. నోరు విప్పి ‘ఇలా కాదు’ అనడం ఒక మనిషికి ఎంత కష్టమో మంచం మీద ముందు చూశాం, తర్వాత అదే మనిషి ఇంటిల్లిపాది ముందు ఆ మాట అనలేక కుంగిపోవడం చూస్తాం. సీన్ తీసేస్తే నవల కూలిపోతుంది.

మరి ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే ఎందుకు చదువుతున్నానని మా అమ్మాయి ఒకసారి అడిగింది. సిగ్గు కొంత నిజమే. పరాయి భాష దోమతెర లాంటిది, లోపలున్నది కనిపిస్తుంది గానీ మీద వాలదు. ఇంకో కారణం, తెలుగులో ఆ గదికి తగిన మాటలు అచ్చులోకి రాలేదు. ఒకవైపు ప్రబంధాల అధరాలూ పరిరంభాలూ ఉన్నాయి, ఇంకోవైపు గోడల మీద బొగ్గుతో రాసినవి. నడుమ మొగుడూపెళ్లాలు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఒకటి ఉంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. ఫోన్ యాప్‌లలో వచ్చే మన సీరియల్స్ కొన్ని చదివాను. పొద్దుటి నుంచీ చక్కటి గోదావరి యాసలో పోట్లాడుకునే జంట, రాత్రి కాగానే కిస్సూ హగ్గూ అంటూ ఇంగ్లిష్‌లోకి దూకేస్తుంది. అక్కడితో లైటు ఆరిపోతుంది.

మొన్న ఆదివారం నా ఇంటర్ ఫ్రెండ్‌కు ఫోన్ చేసి, హోయాంగ్ నవలల్లో మగవాళ్లు పడకగదిలో ఎదుటి మనిషి ఇష్టం తెలుసుకోవడానికి మాటిమాటికీ అడిగే ఆ చిన్న ప్రశ్నను తెలుగులో ఎలా అడగాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ‘ఫర్వాలేదా?’ అంటే బస్సులో కాలు తొక్కినవాడు అడిగినట్టుంది. ‘ఇష్టమేనా?’ అంటే పెళ్లిచూపుల్లో పదిమంది ముందు అడిగే మాట, దానికి తల ఊపడమే జవాబు. ‘నీకేం కావాలి?’ అంటే హోటల్లో సర్వర్. ‘ఇంకొంచెం?’ అని నేననగానే అది పప్పు వడ్డన అని తను పగలబడి నవ్వింది. చివరికి ‘కావాలా?’ బాగానే ఉందనుకున్నాం. తను కాసేపు మాట్లాడలేదు.

“మా ఆయన ఇరవై రెండేళ్లలో నన్ను కావాలా అని అడిగింది కాఫీ ఒక్కటేనే” అంది తర్వాత. “అదీ నేను కలిపిందే.”