మన్నికను మన్నించలేం

"మన్నిక" అన్న మాటను వాడుకలోంచి తీసెయ్యాలని మనవి చేస్తున్నాను. మను అంటే బతకడం. మనుగడ, మన్నిక ఆ ఇంటి ఆడపడుచులే. ఇంత ఆయుష్షు నిండిన మాట వ్యాపారానికి అచ్చిరాదు.

నేరస్థురాలు మా ఇంట్లోనే ఉంది. అమ్మ పెళ్లికి వచ్చిన స్టీలు బిందె. భుజం మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, పక్కన 1981 అని కొట్టించి ఉంటుంది. పొట్టకి ఓ సొట్ట, చిన్నప్పుడు నేను మెట్ల మీంచి దొర్లించిన పుణ్యం. బిందె ఇచ్చిన పెద్దనాన్న పోయారు. పేరు కొట్టిన షాపు పోయింది. ఆ బిందె పట్టుకుని జుట్టూ జుట్టూ పట్టుకున్న వీధి కుళాయీ పోయింది. ఇది మాత్రం పోదు! కొన్నాక ఇన్నేళ్లలో దేశానికి దీనివల్ల మళ్లీ ఒక్క రూపాయి జీఎస్టీ లేదు. మా ప్లాస్టిక్ బకెట్‌కి ఉన్న దేశభక్తి దీనికేదీ? సంక్రాంతికి పిడి ఊడుతుంది, ఉగాదికి అడుగు పగులుతుంది.

బల్బుల కంపెనీలు ఈ ధర్మసూక్ష్మాన్ని ఎప్పుడో గ్రహించాయి. 1924లో జెనీవాలో కూడబలుక్కుని, 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కోశాయి. అంతకుమించి వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా కూడా. కూటమికి పెట్టుకున్న పేరు ఫీబస్, అంటే గ్రీకుల సూర్యదేవుడు. మార్చనక్కర్లేని దీపం ఆయనొక్కడే కదా, పోటీ ఉండకూడదనుకున్నారు కాబోలు. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ ఫైర్ స్టేషన్ బల్బు ఒకటి 1901 నుంచీ మినుకుమినుకుమంటూనే ఉంది. దాన్ని చేసిననాటికి ఇంకా జరిమానా లేదు మరి.

మొన్న మిక్సీ కొంటూ "మన్నిక ఎలా ఉంటుంది బాబూ?" అని అడిగాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, "వారంటీ రెండేళ్లు సార్" అన్నాడు. అడిగినదానికి అంతకన్నా నిజాయతీగా ఎవరు చెబుతారు? ఇరవై ఐదో నెలలో మిక్సీ పొగ వదిలింది. ఇంటికొచ్చిన మెకానిక్ విప్పి చూసి, "పార్టులు రావట్లేదు సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ బిందె దగ్గర ఆగిపోయాడు. వేలితో టంగుమని కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"సార్, ఇది ఇస్తారా?"