నాలుగు గడుల వీరులు

బ్లడ్ బౌల్ అనే బోర్డు గేమ్‌లో జట్టు ఎంచుకోమంటే ఎవరైనా ముందు ఎల్ఫుల వైపే, అంటే కథల్లో కనిపించే మొనదేరిన చెవుల వాళ్ళ వైపే, చూస్తారు. అందంగా ఉంటారు, టర్న్‌కి ఏడెనిమిది గడులు పరిగెడతారు, దూరం నుంచి వచ్చే బంతిని అలవోకగా అందుకుంటారు. నేను మరుగుజ్జుల్ని ఎంచుకున్నాను. మా జట్టులో మామూలు ఆటగాడు టర్న్‌కి నాలుగు గడులు నడుస్తాడు, అంతే. మైదానం పొడవు 26 గడులు. రైలు టైముకి రెండు గంటల ముందే స్టేషన్లో కూర్చునే మనిషిని కాబట్టి వాళ్ళు చూడగానే నచ్చేశారు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది 1986లో ఇంగ్లండ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు తెచ్చిన బోర్డు గేమ్. తయారుచేసినాయన జెర్విస్ జాన్సన్. అమెరికన్ ఫుట్‌బాల్‌ని రాక్షసులూ, ఎలుక మనుషులూ, ఎల్ఫులూ ఆడతారన్నమాట. జట్టుకి పదకొండు మంది, సగానికి ఎనిమిది టర్న్‌లు. బంతిని అవతలి గీత దాటించాలి, దాన్నే టచ్‌డౌన్ అంటారు. దారికి అడ్డొచ్చినవాణ్ణి కొట్టవచ్చు. అడ్డు రానివాణ్ణి కూడా కొట్టవచ్చు. రిఫరీకిచ్చే లంచానికి రూల్‌బుక్‌లో ధర రాసుంది, లక్ష బంగారు నాణేలు. అదిచ్చాక కూడా పాచిక వేయాలి. 1 పడిందా, రిఫరీ డబ్బు జేబులో వేసుకుని తప్పుచేసిన మన ఆటగాణ్ణి బయటికి పంపేస్తాడు. కల్పిత లోకం అంటారు గానీ, నాకేమీ కొత్తగా అనిపించలేదు.

మా మేనల్లుడు నాటింగ్‌హామ్‌లో చదువుతున్నాడు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయమూ అదే ఊళ్ళో. సెలవులకి వస్తూ వాడు తన ఎల్ఫుల్ని పెట్టెలో దూది పరిచి తెచ్చుకున్నాడు, ఒక్కొక్కరికీ ఆకుపచ్చ బట్టలు, కళ్ళకి కాటుక కూడా. నా మరుగుజ్జులు మాత్రం బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములో ముక్కలుగా ఉన్నారు. తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట.

"అతికించుకోవాలి మావయ్యా. అదే సగం సరదా" అన్నాడు.

సరదా నా చూపుడువేలి మీదే మొదలైంది. మా రన్నర్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) మొహం, గడ్డంతో సహా, చిటికెలో అతుక్కునే జిగురుతో మెడకి బదులు నా వేలికి అతుక్కుంది. వేడినీళ్ళు పనిచేయలేదు. కొబ్బరినూనె పనిచేయలేదు. చివరికి మా ఆవిడ గోళ్ళరంగు తుడిచే సీసా తెచ్చి దూదితో అద్దింది. వేలు విడివడింది. కాకపోతే ఆ మందుకి ప్లాస్టిక్ కూడా కరుగుతుందని మాకెవరికీ తట్టలేదు. మొహం సగం, గడ్డం మొత్తం వేలిముద్రతో సహా చదునైపోయాయి. మరుగుజ్జులకి గడ్డమంటే ప్రాణమట. వాడు ఆ బొమ్మని చాలాసేపు చూసి, "పర్లేదులే, పరువు పోయినవాడు ఇంకా కసిగా ఆడతాడు" అన్నాడు.

జట్టు కొనడానికి పది లక్షల నాణేలిస్తారు. ఆవిరితో నడిచే రోడ్డు రోలర్ కూడా మా జాబితాలో ఉంది, లక్షా డెబ్భై వేలు. నా మనసంతా దాని మీదే. కానీ ఒక టచ్‌డౌన్ పడగానే రిఫరీ దాన్ని మైదానం దాటించేస్తాడట. అద్దె ఆటో కూడా అంతకన్నా ఎక్కువసేపు ఉంటుందని వదిలేశాను. మనుషులకీ, రెండు రీరోల్స్‌కీ (పాచిక మళ్ళీ వేసుకునే అవకాశాలు) పోగా 30 వేలు మిగిలాయి. వైద్యుడు 50 వేలు, రాడు. చీర్‌లీడర్లు తలా పది వేలు. ముగ్గుర్ని పెట్టుకున్నాను. ఎముక విరిగితే వాళ్ళే పాడి ఓదారుస్తారు.

మ్యాచ్ డైనింగ్ టేబుల్ మీద. బంతి మాకే వచ్చింది. గడ్డంలేని రన్నర్ మధ్యలో, నాలుగు మూలలా నలుగురు. పెళ్ళికొడుకు ఊరేగింపులా కదిలాం. టర్న్‌కి మూడు గడులు, మధ్యమధ్యలో ఆగి ఎల్ఫుల్ని బాదడం. ఏడో టర్న్‌కి గీతకి రెండు గడుల దూరంలో ఉన్నాం. రన్నర్ నడిచి వెళ్ళిపోవచ్చు. నేను కదపలేదు. ఇప్పుడు టచ్‌డౌన్ కొడితే ఎల్ఫులకి రెండు టర్న్‌లు మిగులుతాయి, వాళ్ళకి అవి చాలు. ఎనిమిదో టర్న్‌లో కొడితే మిగిలేది ఒక్కటే. నెమ్మది జట్టు ఆడేవాడెవడైనా ఇదే చేస్తాడు. ఇప్పటికీ అదే అంటాను, ఎవరొచ్చినా వాదిస్తాను.

మేనల్లుడి జట్టులో ఖరీదైన ఆటగాడు వార్‌డ్యాన్సర్, మా వాళ్ళ తలల మీదుగా దూకి ఊరేగింపులోకి దిగాడు. నా ఇద్దరు పక్కనే ఉన్నారు కాబట్టి రన్నర్‌ని కొట్టడానికి వాడు రెండు పాచికలు వేయాలి, వాటిలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు నాది. నింపాదిగా కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఒకదాంట్లో నా రన్నర్ పడ్డాడు. రెండోదాంట్లోనూ నా రన్నరే పడ్డాడు.

"ఏది కావాలో ఎంచుకో మావయ్యా" అన్నాడు, చాలా మర్యాదగా.

బంతి దొర్లి ఒక ఎల్ఫు క్యాచర్ (బంతి అందుకునేవాడు) చేతికి చిక్కింది. ఎల్ఫులు పరిగెత్తారు. మా పదకొండు మందీ వెనక్కి తిరిగారు. తిరగడానికే ఆ టర్న్ సరిపోయింది. విరామానికి 0-1.

రెండో సగంలో వాళ్ళు ఇంకోటి కొట్టారు, దాని గురించి చెప్పడానికేం లేదు. మేం మాత్రం కొట్టడం మానలేదు. ఎల్ఫు కవచం రెండు పాచికలూ కలిపి 8 గానీ ఆపైన గానీ పడితే పగులుతుంది, మావాళ్ళలో చాలామందిది 10 గానీ ఆపైన గానీ పడితేగాని పగలదు. ఒక్కొక్కణ్ణీ స్ట్రెచర్ మీద పంపిస్తూ వచ్చాం. ఆఖరి టర్న్‌లో ట్రోల్ స్లేయర్ అనే మా మరుగుజ్జుకి ఆ వార్‌డ్యాన్సర్ దొరికాడు. కవచం పగిలింది. గాయం ఎంతటిదో తేల్చే 16 ముఖాల పాచిక వేస్తే 15. పోయాడు. మేనల్లుడు తన వైద్యుణ్ణి అంతకుముందే ఎవరో క్యాచర్ కోసం వాడేశాడు.

0-2తో ఓడిపోయి, ఈలవేసుకుంటూ చేతులు కడుక్కుని, మూడో పెసరట్టు అడిగాను. వాడు చట్నీలో వేలు పెట్టి గీతలు గీస్తున్నాడు.

"ఎవరు గెలిచారు?" అంది మా ఆవిడ.

"వాడే."

"మరి మొహం అలా పెట్టాడేంటి? ఏరా, ఏమైందిరా?"

"లక్షా పాతిక వేలు పోయాయి అత్తయ్యా" అన్నాడు తలెత్తకుండా. "ఒక్క దెబ్బకి. మావయ్యే."

అట్లకాడ గాల్లో ఆగిపోయింది. "పందెం కట్టించారా? ఇంటికొచ్చిన పిల్లాడితో? రేపు వదినకి ఏం సమాధానం చెబుతారండీ!"

వాడు నోట్లో అట్టు కుక్కుకుని కిందికి చూస్తున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను చీర్‌లీడర్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి వివరించబోయాను. అక్కడే ఇంకా చెడింది.