కోచ్ గారికి ఎర్ర కార్డు

కోచ్‌కి ఒక జీతం, ఆటగాడికి ఒక జీతం ఇవ్వడం ఎంత దుబారానో ఉత్తర లండన్‌లోని బార్నెట్ ఫుట్‌బాల్ క్లబ్బు 2012 అక్టోబరులో గ్రహించింది. ఇంగ్లాండ్ నాలుగో అంచె లీగులో ఒక్క గెలుపూ లేక అల్లాడుతున్న జట్టుకి ఎడ్గర్ డావిడ్స్‌ను ఆడే కోచ్‌గా తెచ్చుకుంది. 1995లో డచ్చి క్లబ్బు అయాక్స్ తరఫున ఐరోపా క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచినవాడు, గ్లాకోమా ఆపరేషన్ తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఆడినవాడు, అయాక్స్ కోచ్ వాన్ గాల్ చేత 'పిట్‌బుల్' (కరిస్తే వదలని కుక్క) అనిపించుకున్నవాడు. అలాంటివాణ్ణి బెంచీ మీద కట్టేస్తే పాపం కదూ!

అతను బరిలో దిగిన తొలి మ్యాచ్‌లోనే నార్తాంప్టన్ మీద 4-0 గెలుపు. సీజన్ చివరి రోజున అదే నార్తాంప్టన్ చేతిలో 0-2 ఓటమి, దాంతో ఐదో అంచెకి దిగజారుడు ప్రయాణం.

అక్కడ ఒకటో నెంబరు చొక్కా తొడుక్కున్నాడు. అది గోల్‌కీపర్ (గోలీ) సొత్తనేది ఆనవాయితీయే. గోలీ చొక్కా రంగు వేరుగా ఉండాలన్నదే నిబంధన, అంకెతో దానికి పని లేదు. కాబట్టి మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ ఒకటి వేసుకున్నా రిఫరీ నోరెత్తలేడు. ఇకపై అందరూ ఇదే చేస్తారని డావిడ్స్ సెలవిచ్చాడు కూడా. లోకానికి అంత అభిరుచి ఎక్కడిది?

అసలు సొగసు కార్డుల దగ్గర ఉంది. డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్ నలభై ఏళ్ల వయసులో బంతికి అర అడుగు ఆలస్యంగా చేరతాడు, కాలు ఎదుటివాడి చీలమండకి చేరుతుంది. పసుపు కార్డు. మామూలు కోచ్ అయితే ఇంకోటి పడేలోపు ఆ కుర్రాణ్ణి మార్చేస్తాడు. ఇక్కడ మార్చాల్సినవాడూ మారాల్సినవాడూ ఒక్కరే, ఆయనకి తన ఆట మీద గురి ఎక్కువ. రెండో పసుపు, దాని వెనకే ఎర్ర. బయటికి పంపిన ఆటగాడు బెంచీ దగ్గర కూడా ఉండకూడదు. అంటే ఒక్క విజిల్‌తో జట్టు పదిమందికి దిగింది, కోచ్ కూడా పోయాడు. బాక్సింగ్‌లోనైతే మూడు నిమిషాలకోసారి మూలన స్టూలు వేసి, నీళ్లు పట్టి, "ఇక చాలు" అనడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషే గ్లవ్స్ వేసుకుంటే తువ్వాలు ఎవరు విసరాలి?

ఆ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లాడి మూడు ఎర్ర కార్డులు. రిఫరీలు తనపై పగబట్టారని తేల్చి, డిసెంబరు చివర్లో ఇక ఆడనన్నాడు. 2014 జనవరిలో క్లబ్బూ అతనూ ఇష్టపూర్వకంగా విడిపోయారు. వీడ్కోలు సభ కూడా ఒకటే సరిపోయేది, పొదుపంటే అదీ.