ఈ-సిగరెట్: పొగ మీద ఇంత చర్చ, మరి బ్యాటరీ సంగతి?

ఈ-సిగరెట్ మీద ఎక్కడ చర్చ జరిగినా నికోటిన్ దగ్గర మొదలై ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోతుంది. లోపలున్న బ్యాటరీ ఊసు ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 వరకు ఈ-సిగరెట్లు పేలిన, అంటుకున్న ఘటనలు 195 లెక్క తేలాయి. 133 మంది గాయపడ్డారు, వారిలో 38 మందివి తీవ్ర గాయాలు. నన్ను ఆపేసిన అంకె వేరే ఉంది. 61 ఘటనల్లో పరికరం గానీ విడి బ్యాటరీ గానీ జేబులో ఉంది. అంటే ఆ క్షణంలో వాళ్లు పొగ పీల్చడం లేదు. అప్పటికి మరణాలు లేవు. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సాస్‌లో 24 ఏళ్ల యువకుడు చనిపోయారు. ఆ యువకుడి మెడలోని ప్రధాన రక్తనాళం తెగిపోయింది.

లిథియం అయాన్ బ్యాటరీ ఫోన్‌లోనూ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ ఈ-సిగరెట్ గొట్టం ఆకారంలో ఉంటుంది, బ్యాటరీ కూడా గొట్టమే. లోపల షార్ట్ అయి వేడి అదుపు తప్పితే బ్యాటరీలోని ద్రవం ఆవిరై పీడనం పెరుగుతుంది. గొట్టంలో బలహీనంగా ఉండేవి కొసలే కాబట్టి అక్కడే పగులుతుంది. ఇక అది తారాజువ్వలా దూసుకుపోతుంది. నోటి దగ్గర ఉంటే పళ్లు, దవడ, కన్ను. జేబులో ఉంటే తొడ, చెయ్యి, మర్మాంగాలు. కాలిన చోట బ్యాటరీ రసాయనాలు కూడా అంటుకుంటాయి కాబట్టి గాయం పీహెచ్ (అక్కడ ఆమ్లం ఉందా, క్షారం ఉందా అనే కొలత) చూసి మరీ వైద్యం చేయాలని కాలిన గాయాల నిపుణులు చెబుతున్నారు.

కొన్ని పెద్ద పరికరాల్లో 18650 రకం సెల్స్ విడిగా కొని వేసుకుంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. వీటిని విడిగా వాడొద్దని, జేబులో తాళంచెవులు, చిల్లర తగిలినా షార్ట్ కావచ్చని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021లో హెచ్చరించింది. తాళాల గుత్తి జేబులో వేసుకోనివారెవరు?

వాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు, ప్రమాదాలు వందల్లోనే కదా అనే వాదనలో నిజం లేకపోలేదు. కానీ జరిగినవన్నీ ఆ 195లోకి రాలేదు, వార్తలకెక్కినవే వచ్చాయి. 2015 నుంచి 2017 మధ్య అమెరికా ఎమర్జెన్సీ విభాగాలకు ఇలాంటి గాయాలతో సుమారు 2,035 మంది వచ్చి ఉంటారని 2018లో ఒక పరిశోధన అంచనా వేసింది. పైగా అరుదన్నంత మాత్రాన తొడ మీద చర్మం అతికించుకున్న మనిషికి ఒరిగేదేముంది?

మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ; నిల్వకు మాత్రం శిక్ష ఇంతకంటే తక్కువ. నిషేధాన్ని నేను సమర్థిస్తాను. అయితే దొంగచాటుగా వచ్చే సరుకులో ఏ సెల్ ఉందో, రక్షణ సర్క్యూట్ ఉందో లేదో చూసే నాథుడు లేడు. పేలితే బిల్లు చూపించి ఎవరినీ నిలదీయలేం. ఇంట్లో తెలుస్తుందని భయపడే కుర్రాడు ఆస్పత్రిలో ఫోన్ పేలిందనే చెబుతాడు. అందుకే తొడ మీదో చేతి మీదో ఇలాంటి కాలిన గాయంతో ఎవరు వచ్చినా, పేలింది ఏమిటో డాక్టర్లు విడిగా, గుట్టుగా అడిగి నమోదు చేయాలి. ఆరోగ్య శాఖ ఆ లెక్కలను ఏటా బయటపెట్టాలి.