కంప్యూటర్ కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ గారికి

చిక్కడపల్లి,
శనివారం రాత్రి.

మహారాజశ్రీ 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. గోడ కరెంటును కంప్యూటర్ తినగలిగే వోల్టుల్లోకి మార్చిపెట్టే తమరి క్షేమం అడగనక్కర్లేదు. టేబుల్ కింద పాత పేపరు మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు, మాడు వాసన వంటింటి దాకా వస్తోంది. మా ఆవిడ రెండుసార్లు స్టవ్ చూసి వచ్చింది.

పొద్దున జరిగింది తమరికి గుర్తుండకపోవచ్చు, ఆ సమయానికి తమరు స్వర్గారోహణ పనుల్లో ఉన్నారు కదా. వీడియో శుభలేఖ రెండర్ అవుతోంది, అంటే బొమ్మలూ అక్షరాలూ కలిసి వీడియోగా తయారవుతోంది. వినాయకుడు వచ్చేశాడు, మామిడి తోరణం విచ్చుకుంది, పెళ్లికూతురి పేరు మల్లెపూలతో సగం వరకు అల్లుకుంది. 68 శాతం. అప్పటికే రెండుసార్లు అక్కడే సిస్టమ్ ఆగిపోయి దానంతటదే లేచింది. మూడోసారి 'టప్' అని ఒక్క చప్పుడు, వెనకాల సన్నగా పొగ. పెళ్లికూతురి తండ్రి నా వెనకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"కరెంటు పోయిందా తమ్మీ?"

నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది, ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. ఏమని చెప్పను?

"వినాయకుడైతే వచ్చిండు గద, గంతవరకన్న వాట్సాప్‌ల పెట్టరాదు" అన్నాడాయన, చాలా మర్యాదగా.

తమరి మీద అనుమానం రాకుండా ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారో చూస్తే దండం పెట్టాలనిపిస్తోంది. శ్రావణం మొదలైన దగ్గర్నుంచి సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. ఇంజినీర్ అని పిలిపించినాయన ర్యామ్ పీకి, పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు, 300 తీసుకున్నాడు. రెండోసారి విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టాడు. అనూ తెలుగు ఫాంట్లన్నీ మళ్లీ వేసుకునేసరికి నాకు ఒక పూట పోయింది. మూడోసారి యూపీఎస్ బ్యాటరీ మార్పించాడు. (ఆ యూపీఎస్ కూడా తమరి వంశమే. మీద 600 అని ఉంటుంది, అవి వాట్లు కావు, వీఏలు, అంటే వోల్ట్ ఆంపియర్లు. మోసేది 360 వాట్లు. దాని సంగతి వేరే ఉత్తరంలో.) ఊళ్లో ఉన్న ప్రతి పార్టునూ దోషిగా నిలబెట్టాం. తమరు మాత్రం కేబినెట్ పై అరలో నల్లటి మూతి బిగించుకుని, ఊరి పెద్దలా కూర్చున్నారు.

పది రోజుల కిందట అనుమానం వచ్చి తమరిని చంకన పెట్టుకుని మెట్రోలో ప్యారడైజ్‌లో దిగి పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తెచ్చాను, గుర్తుందా? షాపతను కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి తీసి, నిటారుగా చేసి, యూ ఆకారంలో వంచి, తమరి 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరుకీ నల్ల వైరుకీ గుచ్చాడు. తమరి ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఫ్యాన్ తిరుగుతున్నది చూడుండ్రి సార్. ఎస్‌ఎంపీఎస్ మంచిగనే ఉంది. పరేషాన్ గాకుండ్రి, గ్రాఫిక్ కార్డ్ చూపించుకోండ్రి."

పచ్చదాన్ని నల్లదానికి కలిపితే తమరు లేచి కూర్చుంటారు, అంతే. నెత్తిన ఏ బరువూ లేదు కాబట్టి తిరిగారు. మంచం మీద పడుకున్నవాడి నాడి చూసి, వీడు బియ్యం బస్తా మూడో అంతస్తుకు మోస్తాడని రాసిచ్చినట్టు. నేను నమ్మాను. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ అదే షాపు, అదే క్లిప్పు. "ఫ్యాన్ తిరుగుత లేదు సార్, ఎస్‌ఎంపీఎస్ పోయింది." పరీక్షలో మార్పు లేదు, ఫీజులో మార్పు లేదు. వారంటీ సంగతి అడిగితే, "ఫ్రీగ వచ్చినదానికి వారంటీ ఎక్కడిది సార్" అని నవ్వాడు. ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూస్తే మదర్‌బోర్డు కూడా లేవలేదు. పోతూ పోతూ తోడు తీసుకుపోయారన్నమాట, సతీ సహగమనం.

అప్పుడు మెట్ల మీద కూర్చున్నాను. జనం దాటుకుంటూ పోతున్నారు. తమరిని ఒళ్లో పెట్టుకుని, నాలుగేళ్లలో మొదటిసారి, తమరి పక్కటెముకల మీద అంటించిన స్టిక్కరు పూర్తిగా చదివాను.

పైన వేలెడు లావు అక్షరాల్లో 500. దాని కింద చీమలు పాకినట్టు ఒక పట్టిక. 12 వోల్టుల దగ్గర 15 ఆంపులు. 5 వోల్టుల దగ్గర 24. 3.3 దగ్గర 20. ఆఖర్న 5 వోల్టుల స్టాండ్‌బై 2, మైనస్ 12 దగ్గర అర ఆంపు. వోల్టుల్ని ఆంపులతో గుణిస్తే వాట్లు, ఇది పదో తరగతి లెక్క. ఫోను తీసి కొట్టాను. 180. 120. 66. 10. 6. మొత్తం 382.

మళ్లీ కొట్టాను. 382.

తమరి స్టిక్కరు మీద తమరే రాసుకున్న అంకెలన్నీ కూడినా 118 వాట్లు తక్కువ. తప్పుడు లెక్క రాసేవాడు కనీసం కూడిక సరిచూసుకుంటాడు. చిట్టీలవాళ్లు కూడా ఇంత ధైర్యంగా రాయరు.

రెండో అంతస్తులో బోర్డులు రిపేరు చేసే కుర్రాడు ఒకడు టీ తాగడానికి దిగుతూ నా అవస్థ చూసి ఆగాడు. "వాట్లు చూడొద్దన్నా. 12 పక్కన ఆంపులెన్నో గది చూడు. మిగతాయి ఉత్తయే" అన్నాడు. అతను చెప్పింది తర్వాత తీరిగ్గా అర్థమైంది. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు మొత్తం తిండి 12 వోల్టుల దగ్గరే తింటాయి. 2000లో పెంటియమ్ 4తో పాటు నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చిన దగ్గర్నుంచి అదే దారి. 5 దగ్గర అంత దండిగా, 12 దగ్గర ఇంత పిసినారిగా ఉన్న తమరి పట్టిక అంతకు ముందు కాలం నాటిది. నా ప్రాసెసర్ 65 వాట్లు, ఆషాఢంలో పనిలేక కొన్న గ్రాఫిక్స్ కార్డు 75. కలిపి 140. అయిదొందల మందికి వండించి నూట నలభై మందిని పిలిచాననుకున్నాను. తీరా చూస్తే వండింది 180 మందికి, ఫ్యాన్లూ డిస్కులూ కూడా ఆ పంక్తిలోనే కూర్చున్నాయి, ప్రాసెసర్ ఊపులో ఉంటే 65 దగ్గర ఆగదు. "లోడ్ పడితే 12 కాస్త 11.4 కిందికి జారుతది, బోర్డు బెదిరి రీస్టార్ట్ అయితది" అన్నాడు కుర్రాడు. అంటే అయిదు శాతానికి మించి ఒరగకూడదని రూలు. 68 శాతం దగ్గర మల్లెపూలు రాలుతాయి, నీడలు పడతాయి, పని బరువెక్కుతుంది. తమరు అక్కడే మోకాళ్ల మీద కూలేవారు.

ఇంతా చేసి ఇది నాకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాణ్ని. బ్రోచర్లో 1,250 చదరపు అడుగులు, తాళం తీసి లోపల మంచం వేస్తే తలుపు పడదు. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది, కారిడార్లో గాలి, అన్నీ కలిపి సూపర్ బిల్టప్. 500 అన్నది తమరి సూపర్ బిల్టప్, నేను కాపురం చేయాల్సిన కార్పెట్ ఏరియా 180. అయినా బిల్డర్ నయం. అతను లేని లిఫ్టును లెక్కలో వేయలేదు, ఉన్నదాన్నే వేశాడు. ఆ 118 ఎక్కడివయ్యా? ఏ అంతస్తులో ఉన్నాయి? ఏ వైరులో దాచావు?

క్షమించాలి, ఏకవచనం వచ్చింది. పోనీ, రానీ. నీకు మర్యాద ఎందుకు? నీ వెనకాల ఆ 115, 230 అని రాసిన ఎర్ర మీట ఒకటి. మా మేనల్లుడు వచ్చిన ప్రతిసారీ దాని మీదికే వేలు పోతుంది, 115 వైపు జరిపి స్విచ్ వేస్తే దీపావళే. నాలుగేళ్లు దాని మీద సెల్లోటేపు అంటించి నిన్ను కాపాడాను. ఏం ఒరగబెట్టావు? కేబినెట్ ముందు ఏడు రంగుల లైట్లు మాత్రం ఒక్కరోజు ఆరలేదు. పొద్దున సిస్టమ్ ఆగిపోయి లేచిన ఆ రెండుసార్లు కూడా అవి పెళ్లి పందిరిలా మెరుస్తూనే ఉన్నాయి. ఆ పెద్దాయన ఆ లైట్లు చూసి, "గిది నడుస్తనే ఉంది గద తమ్మీ" అన్నాడు. నా పరువు తీసింది ఆ మాట. (కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనడం మాత్రం నీ తప్పు కాదు, ఒప్పుకుంటాను. మా ఇంటి ప్లగ్గులో మూడో రంధ్రం అలంకారానికే ఉంది, ఎర్తింగ్ లేదు.)

విప్పి లోపల ఏం పెట్టుకున్నావో చూద్దామని స్క్రూడ్రైవర్ కూడా తీశాను. ప్లగ్గు పీకాక కూడా నీ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైన నిల్వ ఉండొచ్చని ఆ కుర్రాడు చెప్పాడు గనక బతికిపోయావు. జాలీ లోంచి టార్చి కొట్టి చూశాను. ఒక కెపాసిటర్ తల పూరీలా పొంగి ఉంది. దానిమీద అది తట్టుకునే వేడి 85 డిగ్రీలు అని రాసి ఉంది. మంచివాటిలో 105 డిగ్రీలవి వేస్తారట. చిక్కడపల్లి మేడ మీద గది, మే నెల, నాలుగు వేసవులు.

అక్కడ కాస్త మెత్తబడ్డాను, అబద్ధమెందుకు. గ్రాఫిక్స్ కార్డు రాకముందు నాలుగేళ్లు ఒక్కరోజు మొరాయించలేదు నువ్వు. శుభలేఖలు, గృహప్రవేశాలు, సంవత్సరీకాలు, కార్పొరేటర్ గారి జన్మదిన ఫ్లెక్సీలు, అన్నీ నీ 180 మీదే నడిచాయి. బడిలో వెనక బెంచీవాడు వీపున కాగితం అంటిస్తే తెలియక రోజంతా తిరిగిన పిల్లాడిలా, నీ ఒంటి మీద 500 అని ఎవడో అంటించాడు. ఆ అంకె నువ్వు చదివి ఉండవు. చదివితే మొదటి రోజే పారిపోయేవాడివి.

కొత్తదాన్ని తెచ్చాను. 550 వాట్లది, 12 దగ్గర 45.5 ఆంపులు. షాపులోనే నిలబడి గుణించాను, 546. షాపతను నన్ను ఆదాయపు పన్నువాడిలా చూశాడు. ఎర్ర మీట లేదు, 115 వచ్చినా 230 వచ్చినా దానంతటదే సర్దుకుంటుంది. అయిదేళ్ల వారంటీ, రాసిచ్చిన బిల్లు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కూడా ఉంది. ఆ ముద్ర ఎంత కరెంటు వేడిగా తగలేస్తుందో చెబుతుంది, మనిషి మంచివాడో కాదో చెప్పదు. సగం లోడు మీద 85 శాతం పనికొస్తుందని లెక్క, అదీ 115 వోల్టుల దగ్గర చూసి. చిక్కడపల్లిలో 115 వోల్టులు గాలివాన వచ్చినప్పుడు వస్తాయి. దీనికి 3,900 అయ్యింది, బోర్డుకు వేరే. నువ్వు ఫ్రీ.

వీడియో మా బావమరిది ల్యాప్‌టాప్‌లో అవుతోంది. 41 శాతం.

ఇట్లు,
తమరి మాజీ యజమాని.

తా.క. ఆదివారం పొద్దున. "పాత ఇనుప సామాన్ కొంటాం" బండి వచ్చింది. తక్కెడకు తగిలించాడు. 780 గ్రాములు తూగావు. స్టిక్కరు మీద అంకెను నువ్వు దాటగా చూసింది ఇదొక్కసారే.