సవరణ: స్టెఫనీ క్వాలెక్ కనిపెట్టింది జాకెట్ కాదు

అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వాలెక్ గురించి మొన్న రాసినప్పుడు, ఆవిడ 1965లో బులెట్‌ప్రూఫ్ జాకెట్ కనిపెట్టారని అన్నాను. తప్పు రాశాను, క్షమించండి. ఆవిడ కనిపెట్టింది జాకెట్ కాదు, తర్వాత కెవ్లార్‌కు (అలాంటి జాకెట్లలో వాడే గట్టి పోగుకు) దారితీసిన దారం. ఆవిడ పనిచేసిన రసాయన సంస్థ డ్యూపాంట్‌లో అప్పుడు వెతుకుతున్నది టైర్లకు బలాన్నిచ్చే తేలికపాటి పోగు కోసం; తుపాకీ గుండ్ల ఊసే లేదు.

ఈ తేడాను నేను చిన్నదిగా చూడలేను, ఎందుకంటే ఆవిడ ప్రతిభంతా దారం తీయడానికి తయారుచేసుకున్న ద్రావణం దగ్గరే ఉంది. పాలిమర్ (గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పదార్థం) ద్రావణం మామూలుగా చిక్కగా, తేటగా ఉంటుంది. ఆవిడకు వచ్చింది నీళ్లలా పల్చగా, మసకగా ఉంది. వడకట్టినా మసక పోలేదు. దారం తీసే యంత్రం చూసే ఉద్యోగి, సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయని మొదట ఒప్పుకోలేదు. ఇంకొకరైతే పారబోసి ఉండేవారు. ఆవిడ వదలకుండా ఒప్పించారు. ఆ మసక మలినం వల్ల వచ్చింది కాదు. కడ్డీల్లాంటి బిరుసు అణువులు ఒకే దిక్కుకు బారులు తీరి ద్రవ స్ఫటికంగా, అంటే ద్రవంలా పారుతూనే అణువులు వరసగా ఉండే స్థితికి, మారాయి. దారం తీశాక కూడా ఆ వరస చెదరలేదు. అందుకే బరువుకు బరువు చూస్తే కెవ్లార్‌కు ఉక్కుకన్నా 5 రెట్ల బలం.

ఇంకో పొరపాటు: ఆవిడకు డాక్టరేట్ ఉందన్నాను. లేదు, బ్యాచిలర్ డిగ్రీయే. వైద్య విద్యకు డబ్బు కూడబెట్టుకుందామని 1946లో ఉద్యోగంలో చేరి, 1986లో పదవీ విరమణ చేసేదాకా రసాయన శాస్త్రంలోనే ఉండిపోయారు.